కట్టడం నేర్పని చదరంగం

“బోర్డు మీద నాలుగు పావులు మిగిలాక నేర్పడానికి ఏముంది సర్? అప్పటికే ఆట తేలిపోయి ఉంటుంది. ఎదుటివాడు చెయ్యి కలిపి లేచిపోతాడు. ఆ గంట ఓపెనింగుల మీద పెడితే మీవాడి రేటింగ్ పెరుగుతుంది.”

ఢిల్లీ ద్వారకలో, నోయిడాలో, గాజియాబాద్ ఇందిరాపురంలో, ఎక్కడ చదరంగ శిక్షణ కేంద్రం బయట నిలబడినా ఈ మాట వినపడుతుంది. కోచ్ చెబితే తండ్రి తల ఊపుతాడు. మరుసటి వారం అదే మాట ఆ తండ్రి ఇంకో తండ్రికి చెబుతాడు. హంపి, హరిక, హరికృష్ణ, అర్జున్ పేర్లు తలుచుకుని పిల్లల్ని ఆటలో చేర్చే మన తెలుగువాళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఆదివారాలు మా కాలనీ పిల్లలకు ఆట నేర్పుతూ ఏళ్లుగా ఇది వింటున్నాను. ఇంతకాలం ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

ముందు ఆ వాదాన్ని దాని బలంతో సహా చెప్పాలి. అది అల్లాటప్పా మాట కాదు. అమెరికన్ మాస్టర్ జెరెమీ సిల్మన్ 2007లో ముగింపు ఆటల మీద రాసిన పెద్ద పుస్తకం ప్రపంచమంతా చదివారు. ఆయన అందులో శకటు, గుర్రంతో ఒంటరి రాజును కట్టే పద్ధతిని కావాలనే వదిలేశాడు. తన ఆటల జీవితంలో అది ఒక్కసారే ఎదురైందని, ఆ సమయం వేరే చోట పెడితే మేలని ఆయన లెక్క. నిజంగానే ఆ స్థితి కొన్ని వేల ఆటలకు ఒకసారి వస్తుంది. మన పిల్లలకు బడి ఉంది, ట్యూషన్ ఉంది, మెట్రోలో గంట ప్రయాణం ఉంది. వారానికి రెండు గంటల శిక్షణ దొరకడమే గొప్ప. పావులు తగ్గాక ప్రతి స్థితికీ జవాబు కంప్యూటర్ దగ్గర సిద్ధంగా ఉంది. ప్రతి ఎత్తుకూ గడియారం అదనంగా కొన్ని సెకన్లు ఇస్తోంది. కాబట్టి ఈ నాలుగు పావుల విద్య పాతకాలపు అలంకారం, ఇవాళ్టి పిల్లాడికి బరువు. ఇదీ వాదం.

ఇందులో ఉన్న అంకెలు నిజం. వాటి నుంచి తీసిన తీర్మానం తప్పు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకటి: “ఎవరూ కట్టేదాకా ఆడరు”

ఓటమి ఒప్పుకోవడం అంటే ఏమిటో ఈ మాట చెప్పేవాళ్లు ఆలోచించలేదు. ఎదుటివాడు ఎందుకు లేచిపోతాడు? ఇక మిగిలింది నీకు వచ్చని నమ్మి లేచిపోతాడు. ఆ నమ్మకమే లేకపోతే అతను కుర్చీలోంచి కదలడు.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోరు చివరి ఆట జరిగింది. డింగ్ లిరెన్‌కు ఒక ఏనుగు, ఒక శకటు, రెండు బంట్లు. గుకేశ్‌కు అవే పావులు, ఒక బంటు ఎక్కువ. చూస్తున్నవాళ్లలో ఎక్కువమంది డ్రా అనుకున్నారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు లేవలేదు, ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చాడు, శకటును ఎదురు పెట్టి శకట్లు మార్చాడు. రాజులు, బంట్లు మాత్రమే మిగిలాయి. 58వ ఎత్తుకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. బోర్డు మీద కట్టు పడలేదు నిజమే. కానీ బంటు మంత్రి అవుతుంది, మంత్రి రాజును కడుతుంది అన్న గొలుసు మొత్తం ఆ ఇద్దరి తలల్లోనూ చివరి లంకె దాకా ఉంది. అందుకే డింగ్ లేచాడు. చివరి లంకె తెలియని పిల్లాడికి ఆ గొలుసులో మొదటి లంకె ఏ దిక్కుకు పోతుందో కూడా తెలియదు.

పిల్లల పోటీల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడ ఎవరూ ఓటమి ఒప్పుకోరు. ఒప్పుకోవద్దని వాళ్లకు చెప్పేది ఎవరు? ఇదే కోచ్. ఓడిపోతున్న పిల్లాడితో “చివరిదాకా ఆడు, వాడు తప్పు చేస్తాడు” అంటారు. గెలుస్తున్న పిల్లాడికి మాత్రం “ఎదుటివాడు లేచిపోతాడు, కట్టడం నేర్చుకోనక్కర్లేదు” అని పాఠం. ఒకే హాల్లో, ఒకే నోటి నుంచి, రెండు మాటలు. రెండూ ఒకేసారి నిజం కావడం సాధ్యం కాదు.

మా కాలనీ పిల్ల ఒకతె ఒక పోటీలో చివరి రౌండుకు వచ్చింది. గెలిస్తే బహుమతి. మూడు గంటలు ఆడి, ఎదుటివాడి పావులన్నీ తీసేసి, మంత్రితో నిలిచింది. వాడికి రాజు ఒక్కటే, ఎ1 మూలలో. ఈ పిల్ల మంత్రిని బి3లో పెట్టింది. రాజుకు చెక్ లేదు, కదలడానికి గడి లేదు. స్టేల్‌మేట్, అర పాయింటు. బయటికి వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్లకు సిసిలియన్ ఓపెనింగ్‌లో పద్నాలుగో ఎత్తు దాకా కంఠతా వచ్చు. మంత్రితో ఒంటరి రాజును కట్టడం ఎంత చెత్తగా మొదలైనా పది ఎత్తుల పని. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ ఏడుపుకు బాధ్యత ఆ పిల్లది కాదు.

రెండు: “వేల ఆటలకు ఒకసారి వచ్చేదానికి ఇంత కష్టమా”

వాళ్లకున్న బలమైన వాదం ఇదే. నేనూ ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను.

మొదట ఆ లెక్క తీసిన తీరు చూడండి. జరిగిన ఆటల్లో శకటు, గుర్రం, రాజు ఒక వైపు, ఒంటరి రాజు ఇంకోవైపు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టారు. అది చేతకాక ఆ దారిలోకి పోని ఆటలను ఎవరు లెక్కపెట్టారు? గెలుపుకు దగ్గరలో ఉన్న పిల్లాడి ముందు రెండు దారులు ఉంటాయి. తన ఆఖరి బంటును ఇచ్చి, ఎదుటివాడి ఆఖరి బంటును తీసి, శకటు, గుర్రంతో మిగలడం ఒకటి. భయపడి పావులు పట్టుకుని వెనక్కి పోవడం రెండోది. కట్టడం రానివాడు రెండోదే ఎంచుకుంటాడు, ఆట చేజార్చుకుంటాడు. ఆ ఓటమి ఏ జాబితాలోనూ ‘శకటు, గుర్రం’ పద్దు కింద పడదు. ఈత రానివాళ్లు ఏటి దగ్గరికి పోరు. వాళ్లెవరూ మునగలేదు కాబట్టి ఈత అక్కర్లేదని తేల్చడం ఎలాంటిదో ఈ లెక్కా అలాంటిదే.

ఎదుటివాడి వైపు నుంచి కూడా చూడాలి. ఓడిపోతున్నవాడికి ఇది తెలిస్తే, తన ఆఖరి పావును మీ ఆఖరి బంటుకు అడ్డం పెట్టి చంపుకుంటాడు. ‘ఇప్పుడు శకటు, గుర్రంతో కట్టు చూద్దాం’ అని కూర్చుంటాడు. అరుదైన స్థితి మీకు ఎదురుకావడం, కాకపోవడం మీ ఒక్కరి చేతిలో లేదు.

2013లో జెనీవాలో మహిళల గ్రాండ్ ప్రీ పోటీ జరిగింది. అన్నా ఉషెనినా అప్పటికి మహిళల ప్రపంచ చాంపియన్. రష్యాకు చెందిన ఓల్గా గిర్యా మీద ఆమెకు సరిగ్గా ఇదే స్థితి వచ్చింది. శకటు ఉంది, గుర్రం ఉంది, ఎదురుగా ఒంటరి రాజు. నిబంధన ఇచ్చే యాభై ఎత్తులు గడిచాయి, కట్టు పడలేదు, ఆట డ్రా అయింది. ఆ మహాక్రీడాకారిణిని చిన్నబుచ్చడానికి ఇది చెప్పడం లేదు. ప్రపంచ చాంపియన్‌కే బోర్డు ముందు కూర్చుని కనుక్కోవడం కుదరనిది పదేళ్ల పిల్లాడు కనుక్కుంటాడని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక అసలు సంగతి. ఈ కట్టు నేర్చుకునేది ఆ ఒక్క స్థితి కోసం కాదు. అది నేర్చుకుంటున్నప్పుడు తలకు పట్టేదే చదరంగం.

శకటును తీసుకోండి. మన ఢిల్లీ పిల్లలు దాన్ని ఊంట్ అంటారు, ఒంటె. దానికి బోర్డులో సగమే సొంతం. తెల్ల గడుల్లో పుట్టింది తెల్ల గడుల్లోనే చస్తుంది. నల్ల గడుల్లో నిలబడ్డ రాజును అది ఎప్పటికీ తాకలేదు. గుర్రం ప్రతి ఎత్తుకూ రంగు మారుతుంది, కానీ నెమ్మది. రెండూ ఒంటిగా చేతకానివి. రాజు మూడోవాడు, వాడు నడిస్తే తప్ప పని కాదు. ముగ్గురూ కలిసి కంచె కట్టాలి. ఒక గడి శకటు మూస్తే పక్క గడి గుర్రం మూయాలి, మూడోది రాజు మూయాలి. ఒక్క గడి తెరిచి ఉన్నా ఇరవై ఎత్తుల కష్టం నీళ్లపాలు.

తెల్ల గడుల శకటు ఉందనుకుందాం. కట్టు పడేది తెల్ల మూలల్లోనే, అంటే ఎ8లోనో హెచ్1లోనో. ఎదుటివాడికి ఆ సంగతి తెలిస్తే రాజును హెచ్8 మూలకు తీసుకుపోయి దాక్కుంటాడు. అక్కణ్ణుంచి వాడిని అంచు వెంబడి ఎ8 దాకా నడిపించుకురావాలి. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ పేరుతో చెప్పుకునే దారి ఇందుకే. గుర్రం ఎఫ్7 నుంచి ఇ5కి, అక్కణ్ణుంచి డి7కి, సి5కి, బి7కి పోతుంది. గీత గీస్తే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం. ఈ దారి మధ్యలో ఒకచోట పిల్లల గుండె ఆగుతుంది. నల్ల రాజు అంచు వదిలి సి7 వైపు బయటికి వస్తాడు. పట్టు తప్పిందనిపిస్తుంది. వెంటనే చెక్ ఇవ్వాలని చెయ్యి లాగుతుంది. ఇవ్వకూడదు. గుర్రం డి7లో నిలబడాలి, శకటు నిశ్శబ్దంగా డి3కి రావాలి. చెక్ లేదు, బెదిరింపు లేదు, కానీ తలుపు మూసుకుంది. బయటికి పోతున్నట్టు కనిపించిన రాజు లోపలే ఉన్నాడు.

ఆ నిశ్శబ్దపు ఎత్తును ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లాడు మధ్య ఆటలో కూడా ఊరికే చెక్‌లు ఇవ్వడం మానేస్తాడు. వెంటాడటం వేరు, దారి మూయడం వేరు అని వాడికి తెలిసిపోతుంది. నేను ఇది పదేపదే చూశాను. ఏ ఓపెనింగ్ పాఠంలోనూ ఇంత తక్కువ పావులతో ఇంత స్పష్టంగా ఈ సంగతి కనపడదు. ముప్పై రెండు పావుల గందరగోళంలో గుర్రానికి శకటు చేసే సాయం ఎవరికి కనిపిస్తుంది?

కాపాబ్లాంకా 1921లో అచ్చయిన తన పుస్తకాన్ని ఎక్కడ మొదలుపెట్టాడో గుర్తు చేసుకోండి. మొదటి అధ్యాయంలో మొదటి పాఠమే ఏనుగుతో ఒంటరి రాజును కట్టడం. ఓపెనింగులు ఆ తరవాత. శకటు, గుర్రం కట్టు కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆయన అప్పటికి ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు, ఆ ఏడాదే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఏది ముందు నేర్పాలో ఆయనకు తెలియదా?

అరుదు అన్న కొలతే పెట్టదలిస్తే ఓపెనింగులకూ అదే కొలత పెట్టాలి. కంఠతా పట్టిన పద్దెనిమిదో ఎత్తు బోర్డు మీద ఎన్నిసార్లు వస్తుంది? ఎదుటివాడు నాలుగో ఎత్తులోనే పుస్తకం వదిలేస్తాడు. పిల్లాడు బిక్కమొహం వేస్తాడు. ఓపెనింగులు అసలు వద్దని నేను అనడం లేదు. పావులను ఎలా బయటికి తేవాలో, రాజును ఎక్కడ దాచాలో తెలియాలి. దానికి నెలల తరబడి బట్టీ అక్కర్లేదు.

ఇక్కడ సుల్తాన్ ఖాన్‌ను తలుచుకోకుండా ఉండలేను. పంజాబ్ నుంచి వచ్చిన మనిషి. మన దేశపు పాత పద్ధతిలో ఆడుతూ పెరిగాడు. 1928లో అఖిల భారత చాంపియన్ అయ్యాడు, తరవాత తన యజమాని ఉమర్ హయాత్ ఖాన్ వెంట ఇంగ్లండ్ వెళ్లాడు. ఓపెనింగ్ పుస్తకాల చదువు ఆయనకు లేదు. ఆ లోటు ఆయన ఆటల్లో కనపడుతూనే ఉంటుంది. అయినా 1929లో, 1932లో, 1933లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకాను ఓడించాడు. ఓపెనింగ్‌లో వెనకబడ్డ స్థితుల్లోంచి ఓపికగా లేచి, మధ్య ఆటలోను ముగింపులోను గెలిచేవాడు. 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. బట్టీ లేకుండా ఎక్కడిదాకా పోవచ్చో చూపించిన మనిషి విభజనకు ముందటి మన దేశంలోనే పుట్టాడు.

మూడు: “కంప్యూటర్‌కు అన్నీ తెలుసు”

తెలుసు. ఏడు పావుల దాకా ప్రతి స్థితికీ ఫలితం టేబుల్‌బేస్‌లో ఉంది. మాస్కోలో లోమొనోసొవ్ సూపర్ కంప్యూటర్ మీద 2012లో ఆ పని పూర్తయింది. అందులో కట్టడానికి 549 ఎత్తులు పట్టే స్థితి కూడా ఒకటి బయటపడింది. ఇది మనిషి తెలివికి గొప్ప విజయం. కానీ పోటీ హాల్లోకి పోయేటప్పుడు పిల్లాడి ఫోను బయటే ఉంటుంది.

కంప్యూటర్‌కు తెలిసినంత మాత్రాన మనకు వచ్చినట్టు కాదని 1977లోనే రుజువైంది. అమెరికన్ చాంపియన్‌షిప్ ఆరుసార్లు గెలిచిన వాల్టర్ బ్రౌన్ మంత్రితో, కెన్ థాంప్సన్ తయారుచేసిన యంత్రం ఏనుగుతో కూర్చున్నారు. మంత్రి గెలవాలి, అది పుస్తకాల్లో ఉన్న సంగతే. ఎంత కష్టమైన చోట మొదలైనా ఏనుగును పట్టడానికి 31 ఎత్తులు చాలు. బ్రౌన్ యాభై ఎత్తుల్లో గెలవలేకపోయాడు. యంత్రం ఏనుగును రాజుకు దూరంగా నడిపింది, పుస్తకాల్లో ఎవరూ చూడని ఎత్తులు ఆడింది. ఆయన సిగ్గుపడి ఊరుకోలేదు. ఆ స్థితిని కూర్చుని చదివాడు, మళ్లీ వచ్చాడు. ఈసారి సరిగ్గా యాభయ్యో ఎత్తులో ఏనుగును పట్టాడు. గ్రాండ్‌మాస్టర్ అయ్యుండి చదువుకోవడానికి వెనక్కి వెళ్లాడు. మన కోచ్‌లు పిల్లలకు చెప్పవలసిన కథ ఇది.

యంత్రం చెప్పేది దూరం మాత్రమే. ‘ఇక్కణ్ణుంచి ఇరవై ఎనిమిది ఎత్తులు’ అంటుంది. ఎందుకో చెప్పదు. తప్పు మూల, సరైన మూల, కంచె, తలుపు, ఈ మాటలు మనుషులు పెట్టుకున్నవి. వాటితోనే మనుషులు నేర్చుకుంటారు. తెర మీద పక్కన ఎవరిది పైచేయో చూపే పట్టీ తెల్లగా నిండి ఉంటే ‘నేను గెలుస్తున్నాను’ అనుకునే అలవాటు మన పిల్లలకు పడింది. పట్టీ నిండి ఉండటం గెలుపు కాదు.

నాలుగు: “అక్కడికక్కడ ఆలోచించి కనుక్కోవచ్చు”

ఏనుగుతో కట్టడం కనుక్కోవచ్చేమో. తెలివైన పిల్లాడైతే పెట్టె గీసి, పెట్టెను చిన్నది చేసుకుంటూ పోతాడు. పదహారు ఎత్తులకు మించి అవసరం లేదు, యాభైలో బోలెడు వెసులుబాటు ఉంది. రెండు శకట్లతో పంతొమ్మిది. శకటు, గుర్రంతో ముప్పై మూడు దాకా పడుతుంది. అంటే దారితప్పడానికి మిగిలేది పదిహేడు ఎత్తులు. ఒకసారి రాజు కంచె దాటితే అవి అయిపోయినట్టే. గడియారం ఎత్తుకు ముప్పై సెకన్లు కలుపుతుందన్న ధీమా ఉషెనినాను కాపాడలేదు. నాలుగు గంటలు ఆడి, ఉదయం ఒక రౌండు, సాయంత్రం ఒక రౌండు ఆడి, జూన్ ఎండలో మధ్యాహ్నం తల్లి తెచ్చిన పెరుగన్నం తిని కూర్చున్న పిల్లాడిని అది కాపాడుతుందా?

ఇంతకంటే ఈ మాటకు జవాబు అక్కర్లేదు.

అయిదు: “అసలు నిబంధనే అన్యాయం”

ఈ మధ్య ఇది కొత్తగా వినిపిస్తోంది. పిల్ల స్టేల్‌మేట్ చేసుకుని వచ్చాక తండ్రి ఆర్బిటర్ దగ్గరికి పోతాడు. “మంత్రి ఉంది కదండీ, వాడికి ఏమీ లేదు కదండీ, గెలుపు ఇవ్వడానికి ఏం అడ్డం?” అంటాడు. యాభై ఎత్తుల నిబంధన కూడా ఆయన కంటికి అన్యాయమే. బలం ఎవరిదో తెలిశాక ఈ తంతు ఎందుకని ఆయన బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆ కోరిక ఆటను చంపేస్తుంది.

ఆ తండ్రి అడిగేది కొత్తదేమీ కాదు. అరబ్బుల షత్రంజ్‌లో ఎదుటివాడి పావులన్నీ తీసేసి రాజును ఒంటరి చేస్తే గెలుపే, స్టేల్‌మేట్ చేసినా గెలుపే. ప్రపంచ చాంపియన్ ఎమాన్యుయెల్ లాస్కర్ కూడా స్టేల్‌మేట్ చేసినవాడికి కొంత ఫలం ఇవ్వాలని వాదించాడు. మరి మన ఉత్తర దేశంలో, ఈ ఢిల్లీ వీధుల్లో ఆడిన పాత పద్ధతిలో? ఒంటరి రాజు మిగిలిన ఆటకు ‘బుర్ద్’ అని వేరే పేరు పెట్టారు. దాన్ని పూర్తి గెలుపుగా లెక్కపెట్టలేదు. అందుకని గొప్ప ఆటగాళ్లు ఎదుటివాడి ఆఖరి పావును తీయకుండా దాన్ని బతకనిచ్చి, రాజును కట్టేవారు. బంటుతో కడితే ఇంకా గౌరవం. దోచుకోవడం వేరు, కట్టడం వేరు అని వాళ్లకు తెలుసు.

మన భాషకూ తెలుసు. మనం గెలుపును ‘ఆట కట్టు’ అన్నాం. పావులు ఎన్ని తీశావన్న లెక్క ఆ మాటలో లేదు. ఎదుటి రాజు కట్టుబడ్డాడా లేదా అన్నదొక్కటే ఉంది.

నిబంధన మారిస్తే ఏం పోతుందో చూడండి. రెండు గుర్రాలతో ఒంటరి రాజును బలవంతంగా కట్టడం సాధ్యం కాదు. ఎదుటివాడు తప్పు చేస్తే తప్ప కట్టు పడదు. ఎందుకంటే రాజును మూలకు నెట్టిన చోట స్టేల్‌మేట్ అడ్డొస్తుంది. ఇప్పుడు ఆ ఒంటరివాడికి ఒక బంటు ఇవ్వండి. విచిత్రంగా, చాలా స్థితుల్లో వాడు ఓడిపోతాడు. రాజుకు గడి లేకపోయినా బంటుకు ఎత్తు ఉంది కాబట్టి స్టేల్‌మేట్ కాదు. ఆ ఒకటి రెండు ఎత్తుల్లో రెండో గుర్రం వచ్చి కడుతుంది. బలం పెరిగినందుకే వాడు ఓడాడు. రష్యన్ అలెక్సీ ట్రోయిట్‌స్కీ ఏళ్ల తరబడి కూర్చుని, ఆ బంటును ఏ గీత దాటకముందు ఆపాలో లెక్క తీశాడు. యంత్రాలు లేని కాలంలో చేతితో చేసిన పని. ఆ గీతకు ఇప్పటికీ ఆయన పేరే. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు. బలం ఉన్నవాడికి గెలుపు ఇచ్చేయండి అన్న మరుక్షణం ట్రోయిట్‌స్కీ గీతకు అర్థం ఉండదు. గుర్రాలు రెండున్నాయి, ఇచ్చేయండి, అంతే.

యాభై ఎత్తుల సంగతీ అంతే. ఆ సంఖ్యను సమాఖ్య కళ్లు మూసుకుని పట్టుకుని కూర్చోలేదు. 1980లలో థాంప్సన్ యంత్రం రెండు శకట్లు ఒక గుర్రాన్ని ఓడించగలవని, దానికి 66 ఎత్తుల దాకా పట్టవచ్చని చూపింది. వందేళ్లకు పైగా డ్రా అనుకున్న స్థితులు అవి. సమాఖ్య కొన్ని ముగింపులకు గడువు పెంచి చూసింది. చివరికి 1992లో అన్నిటికీ మళ్లీ యాభైకే వచ్చింది. 2014 నుంచి 75 ఎత్తులు దాటితే ఎవరూ అడగకపోయినా ఆర్బిటరే డ్రా ప్రకటిస్తాడు. గడువు ఎదుటివాడి హక్కు. అన్నీ పోగొట్టుకున్నవాడికి మిగిలిన ఆఖరి హక్కు అది. ‘నీ దగ్గర ఉన్నదాంతో నన్ను కట్టు, లేదా నన్ను వదులు.’ ఈ మాట అనే అవకాశం ఒంటరి రాజు నుంచి లాక్కుంటే, మన పిల్లాడు ఓడిపోతున్న రోజున వాడి నుంచి కూడా లాక్కున్నట్టే.

మరి ఏం చేయాలి

ఢిల్లీకి ఈ ఆటలో చిన్న పేరు లేదు. 2000 సంవత్సరంలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. ఆనంద్ ఇక్కడ ఫైనల్ చేరి టెహ్రాన్‌లో కిరీటం గెలిచాడు. పరిమార్జన్ నేగి 2006లో పదమూడేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఏటా జరిగే ఢిల్లీ అంతర్జాతీయ ఓపెన్‌కు దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు. అదే ఆనంద్‌ను 2013లో చెన్నైలో ప్రపంచ టైటిల్ పోరులో కార్ల్‌సెన్ ఎక్కడ ఓడించాడో కూడా ఈ ఊరి కోచ్‌లకు తెలియాలి. అయిదో ఆట, ఆరో ఆట. డ్రా వైపు పోతున్నట్టు కనిపించిన ముగింపుల్లోంచి వరసగా రెండు పాయింట్లు. కార్ల్‌సెన్ ఓపెనింగ్‌లో ఆనంద్‌ను పడగొట్టలేదు, పడగొట్టాలని ప్రయత్నించనూ లేదు.

కాబట్టి నా మాట ఇది. పిల్లాడికి మొదటి నెలలో ఓపెనింగ్ పేరు చెప్పకండి. ఖాళీ బోర్డు పెట్టండి. మంత్రి, రాజు ఇటు, రాజు అటు. అది వచ్చాక ఏనుగు. తరవాత రెండు శకట్లు. పిల్లాడు కాస్త ఎదిగాక శకటు, గుర్రం. ఆఖరిది రెండు ఆదివారాల పని, అంతకు మించదు. నేను తొమ్మిదేళ్ల పిల్లలకు నేర్పాను, నేర్చుకున్నారు. ఏ పిల్లాడినీ ఇవి రాకుండా రేటింగ్ పోటీకి పంపకూడదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. వచ్చే నెల ఫీజు కట్టే ముందు మీ పిల్లవాడి కోచ్‌ను బోర్డు ముందు కూర్చోబెట్టండి. ఒంటరి రాజును ఆయనకు ఇవ్వండి. శకటు, గుర్రం మీ పిల్లవాడికి ఇవ్వండి. గడియారం నొక్కండి, పక్కన కాగితం పెట్టుకుని ఎత్తులు లెక్కపెట్టండి. యాభై దాటితే, ఇన్నాళ్లూ ఏం నేర్పారో అడగండి.